పదకొండు పేర్లు జట్టు కాదు

ఈస్ట్ బెంగాల్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఒక వాదన తప్పకుండా మొదలవుతుంది. 1920లో పుట్టిన ఈ కోల్‌కతా క్లబ్ తరఫున ఇన్నేళ్లలో ఆడినవాళ్లందరిలోంచి పదకొండు మందిని ఏరితే ఎవరెవరు ఉండాలి? గోల్‌లో పీటర్ తంగరాజ్. వెనక సుధీర్ కర్మాకర్, నయీముద్దీన్, మనోరంజన్ భట్టాచార్య. ముందు అహ్మద్ ఖాన్, తులసీదాస్ బలరాం, మహమ్మద్ హబీబ్, మజీద్ బిష్కర్, కృశాను దే, బైచుంగ్ భూటియా. తరచు వినిపించే పేర్లు ఇవి. ఒకరి జాబితాకూ మరొకరి జాబితాకూ రెండు మూడు పేర్ల తేడా. ఆ రెండు మూడు పేర్ల మీదే గంటలు గడిచిపోతాయి. మోహన్ బగాన్ అభిమానుల దగ్గరా ఇదే వాదన. మాంచెస్టర్ యునైటెడ్, బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ అభిమానుల దగ్గరా ఇదే. క్లబ్ ఏదైనా సరే, దాని ఘనతను కొలవాలంటే ఆల్‌టైమ్ ఎలెవన్ కట్టడమే మార్గమని అందరూ నమ్ముతున్నారు.

ఈ అలవాటును మెచ్చుకోనివాళ్లు అరుదు. పాత ఆటగాళ్లను మరిచిపోకుండా కాపాడుతున్నది ఇదేనంటారు. కుర్రవాళ్లకు బలరాం పేరు, అహ్మద్ ఖాన్ పేరు ఇలాగే తెలుస్తున్నాయంటారు. నిజమైన ప్రతిభ ఏ కాలంలోనైనా ప్రతిభేనని, గొప్పవాడు ఎప్పుడు ఆడినా గొప్పవాడేనని అంటారు. ఇంతా చేసి ఇదొక సరదా, దీంతో పోయేదేముందని కూడా అంటారు. ఈ మాటలేవీ చెడు ఉద్దేశంతో అన్నవి కావు. వీటి వెనక ఆట మీద ప్రేమ ఉంది, పెద్దల మీద గౌరవం ఉంది. అయినా ఈ అభిప్రాయాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. కలల జట్టు కట్టే అలవాటు పాత ఆటగాళ్లను గౌరవించడం లేదు. వాళ్లు నిజంగా ఏం సాధించారో అదే మన కంటికి కనపడకుండా చేస్తోంది. ఫుట్‌బాల్‌లో ఘనత మనిషిలో కంటే మనుషుల మధ్య ఎక్కువగా ఉంటుంది. ఆ మధ్య ఉన్నదాన్ని కత్తిరించి పారేస్తే తప్ప ఆల్‌టైమ్ ఎలెవన్ తయారు కాదు.

ఈస్ట్ బెంగాల్ చరిత్రనే సాక్ష్యంగా తీసుకుందాం. ఆ క్లబ్ అభిమానులు ఇప్పటికీ తలచుకుని పొంగిపోయే కాలం 1949 నుంచి 1953 దాకా. అప్పటి ముందు వరుసలో ఐదుగురు: వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. వాళ్లను జనం పంచపాండవులన్నారు. 1949లో కలకత్తా లీగ్, ఐఎఫ్‌ఏ షీల్డ్, రోవర్స్ కప్ మూడూ ఆ జట్టు గెలిచింది. 1949, 1950, 1951లలో షీల్డ్ వరసగా మూడేళ్లు వాళ్లదే. 1951, 1952లలో డ్యూరాండ్ కప్ కూడా వాళ్లదే. దక్షిణాది నుంచి వెళ్లిన మనుషులు బెంగాల్ మైదానాల్లో ఒక వరుసగా కుదురుకుని, చాలామంది బూట్లు కూడా లేకుండా, దేశం మొత్తాన్ని గెలిచిన కథ అది.

ఇప్పుడు ఆ ఐదుగురూ కలల జట్టులో ఎలా కనిపిస్తున్నారో చూడండి. అహ్మద్ ఖాన్ మిగులుతాడు. ఆయన కాళ్ల దగ్గర బంతి పాములవాడి ముందు పాములా ఆడేదని చెప్పుకుంటారు కాబట్టి ఆయనకు చోటు ఖాయం. తక్కిన నలుగురిలో ఒకరిద్దరు అప్పుడప్పుడూ దూరతారు. అప్పారావు, సాలే దాదాపు ఎప్పుడూ బయటే. అంటే ఐదుగురుగా గెలిచినవాళ్లలోంచి ఒకణ్ణి లాగేసి, అతని పక్కన ఎన్నడూ ఆడని బైచుంగ్‌ను, మజీద్‌ను నిలబెట్టి, దాన్ని ఈస్ట్ బెంగాల్ ఘనత అంటున్నాం. జనం పెట్టిన పేరు పంచపాండవులు. అంటే ఆ ఆటను కళ్లారా చూసిన ప్రేక్షకుడికి విడివిడి మనుషులు కనపడలేదు, ఐదుగురూ కలిసి ఒక్కటిగా కనపడ్డారు. ఆనాటి సామాన్య ప్రేక్షకుడు తేలిగ్గా గ్రహించిన సత్యాన్ని ఇవాళ ఇంత సమాచారం చేతిలో ఉన్న మనం పోగొట్టుకున్నాం.

ఇది ఒక్క తరంతో ఆగలేదు. 1980లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం నుంచి ఇరాన్ యువకులు ఈస్ట్ బెంగాల్‌కు వచ్చారు. వాళ్లలో ఇద్దరు మజీద్ బిష్కర్, జంషిద్ నస్సీరి. మజీద్ బంతితో చేసిన విన్యాసాలను కోల్‌కతా ఇంకా కథలుగా చెప్పుకుంటుంది. ఆయన అందించే బంతి ఎక్కడ పడుతుందో ముందే గ్రహించి అక్కడికి పరుగెత్తేది జంషిద్. మజీద్ పాస్ గొప్పది కావాలంటే దాన్ని అందుకునే జంషిద్ పరుగు ఉండాలి. కలల జట్టులో మజీద్ ఉంటాడు. జంషిద్ ఉండడు. మరి ఆ పాస్ ఎవరికి వెళ్తుంది? 1985లో కృశాను దే, బికాశ్ పాంజీ మోహన్ బగాన్ నుంచి కలిసే వచ్చారు. కలిసి వచ్చారన్నదే అసలు విషయం. ఇద్దరినీ జోడీగానే కొనాలని, విడదీస్తే ఇద్దరూ సగమవుతారని ఆనాడు క్లబ్బులకు తెలుసు. కృశానును భారత మారడోనా అన్నారు, కలల జట్టులో చోటు ఇచ్చారు. బికాశ్ పేరు చాలా జాబితాల్లో లేదు. ఒక చేత్తో చప్పట్లు మోగవని మనకు తెలుసు. అయినా ప్రతిసారీ ఒక చేతికే దండ వేస్తున్నాం.

1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది. ఆ క్లబ్ అభిమానికి దానికి మించిన స్కోరు లేదు. ఆ ఐదు గోల్స్ నలుగురు చేశారు: శ్యామ్ థాపా రెండు, సురజిత్ సేన్‌గుప్తా, రంజిత్ ముఖర్జీ, శుభంకర్ సన్యాల్ తలా ఒకటి. 1970 నుంచి 1975 దాకా వరసగా ఆరేళ్లు లీగ్ గెలిచిన జట్టు అది. 1972 నుంచి కోచ్‌గా పి.కె. బెనర్జీ తీర్చిదిద్దిన జట్టు. ఆ నలుగురిలో రంజిత్‌కూ శుభంకర్‌కూ ఆల్‌టైమ్ ఎలెవన్‌లో చోటు ఇచ్చేవాళ్లు దాదాపు లేరు. క్లబ్ చరిత్రలో అతి పెద్ద విజయం సాధించిన వాళ్లలో సగం మందిని బయట పెట్టే కొలమానం ఆ క్లబ్ ఘనతను కొలుస్తోందని ఎలా నమ్మమంటారు?

ఇక అసలైన సాక్ష్యానికి వస్తాను. అది కోల్‌కతాలో లేదు, మన హైదరాబాద్‌లో ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ తెచ్చుకుంది. 1954లో మళ్లీ గెలిచింది. 1957 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌నే ఓడించింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటివాళ్లు ఆ జట్టు నుంచే భారత జట్టుకు వెళ్లారు. పోలీసు ఉద్యోగం చేసుకునే మనుషులు, కోల్‌కతా పెద్ద క్లబ్బుల డబ్బూ హంగూ లేనివాళ్లు, పన్నెండేళ్ల పాటు ఆ క్లబ్బుల్నే నిలువరించారు.

భారత ఫుట్‌బాల్ ఆల్‌టైమ్ ఎలెవన్ కట్టమనండి. పి.కె., చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, తంగరాజ్, బలరాం, అరుణ్ ఘోష్, శైలేన్ మన్నా, బైచుంగ్, సునీల్ ఛెత్రి వరసగా వస్తారు. పోలీస్ జట్టు మనిషి ఒకడు వస్తే ఎక్కువ. ఐదేళ్లు రోవర్స్ కప్‌ను ఎవరికీ వదలని జట్టు దేశపు కలల జట్టులో దాదాపు లేదు. దీన్నిబట్టి పోలీస్ జట్టులో గొప్పవాళ్లు లేరని తేల్చుకోవాలా? కలల జట్టు పద్ధతికే జట్టును చూసే కన్ను లేదని తేల్చుకోవాలా? ఐదేళ్ల కప్పులు ముందు పెట్టుకుని మొదటి తీర్పు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలదు. రెండోదే నిజం.

ఎందుకంటే ఆ జట్టు అలాగే తయారైంది. సయ్యద్ అబ్దుల్ రహీం స్కూలు మాస్టారు. 1943లో పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టుకూ ఆయనే కోచ్. ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టించారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి, దాచుకోకూడదు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరో రకం పోటీలు నడిపించారు. ఈ రెండు నియమాలను ఒకసారి పక్కపక్కన పెట్టి ఆలోచించండి. మొదటిది ఆటగాడి చూపును తన కాళ్ల మీద నుంచి పక్కవాడి మీదికి మళ్లిస్తుంది. రెండోది ఎవరు ఏ వైపు నిలబడ్డా పాస్ తెగిపోకుండా చూస్తుంది. ఒక్కడి మెరుపును కావాలనే తగ్గించి, మనుషుల మధ్య దారులను వెడల్పు చేసిన గురువు ఆయన. అలాంటి గురువు తయారుచేసిన ఆటగాళ్లను మనం ఒక్కొక్కరి మెరుపు లెక్క చూసి తూకం వేస్తున్నాం. వాళ్లు ఏ విద్యలో ఆరితేరారో ఆ విద్యకు మన పరీక్షలో మార్కులే లేవు.

పైగా ఆల్‌టైమ్ ఎలెవన్‌లో పన్నెండో పేరుకు చోటు లేదు. అంటే కోచ్‌కు చోటు లేదు. రహీం ఆటగాడిగా దేశమంతా తెలిసిన మనిషి కాదు, అందువల్ల ఏ జాబితాలోనూ రారు. కానీ 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం ఆయన జట్టుది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లింది ఆయన జట్టే. 1962లో జకార్తా స్వర్ణం కూడా ఆయన జట్టుదే. 1963లో ఆయన పోయారు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడల్లో ఇంకొక స్వర్ణం చూడలేదు. 1970లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. ఆయన జీవితం మీద 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక చాలామందికి ఆయన పేరు తెలిసింది. సంతోషం. కానీ సినిమా చూసి వచ్చినవాళ్లు కూడా మళ్లీ కూర్చుని పదకొండు పేర్లే రాస్తున్నారు.

జకార్తా కథ నా వాదనకు ఆయువుపట్టు. ఆ పోటీల్లో భారత్ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్ మీద ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అయితే రహీం ఆయన్ను కూర్చోబెట్టలేదు. వెనక గోడలా నిలబడే మనిషిని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ చేశాడు, భారత్ 3-2తో గెలిచింది. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం అంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తోంది. పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

కలల జట్టు కట్టేవాళ్లు జర్నైల్‌ను ఎక్కడ పెడతారు? ఎప్పుడూ వెనకే, ఎందుకంటే అదే ఆయన స్థానం. కానీ ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు దక్కిన చివరి స్వర్ణం ఆయన తన స్థానం వదిలి ముందుకు వెళ్లడం వల్ల వచ్చింది. ఆ రోజు ఆ జట్టుకు ఏం కావాలో, అవతలివాళ్లు ఎలా ఆడుతున్నారో, తన దగ్గర ఎవరెవరు నిలబడగలిగే స్థితిలో ఉన్నారో చూసి ఒక గురువు తీసుకున్న నిర్ణయం అది. ఘనత అలా పుడుతుంది. ఒక రోజున, ఒక ప్రత్యర్థి ముందు, ఒక ఇబ్బందిలోంచి పుడుతుంది. కలల జట్టుకు ప్రత్యర్థి లేడు, గాయం లేదు, వాన లేదు, ఓడిన తొలి మ్యాచ్ లేదు. అలాంటి చోట జర్నైల్ ఒక మంచి డిఫెండర్ మాత్రమే. ఆయన్ను అంత చిన్నవాణ్ణి చేసి, దాన్ని నివాళి అనుకుంటున్నాం.

బలరాం సంగతీ అంతే. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టి, పేదరికంలో పెరిగి, రహీం కంటపడి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, 1961లో ఆ జట్టుకు కెప్టెనై లీగ్ గెలిపించినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ చేసినవాడు. పి.కె., చునీ, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెబుతారు. తర్వాత ఆ ముగ్గురిలో ఎవరు గొప్ప అని కొట్లాడుకుంటారు. ఆ ముగ్గురి ముందు వరుస నడిచిందంటే బలరాం సర్దుకున్నందువల్ల కూడా నడిచింది. ఎడమ వింగ్‌లో కావాలంటే అక్కడ, లోపల కావాలంటే లోపల, సెంటర్‌లో కావాలంటే సెంటర్‌లో ఆడాడు. తనకు నచ్చిన చోటు కంటే జట్టుకు కావలసిన చోటు ఎంచుకోవడం ఒక ప్రతిభ. గోల్ కొట్టడం కంటే అది తక్కువ ప్రతిభ కాదు. కానీ కలల జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కొక్క గడి. గడిలో పెట్టలేని మనిషి విలువ అక్కడ సగానికి సగం పడిపోతుంది.

ప్రతిభకు కాలం లేదన్న మాటకు ఇప్పుడు సమాధానం చెప్పాలి. ప్రతిభకు కాలం లేకపోవచ్చు, ఆటకు మాత్రం ఉంది. పంచపాండవులు ఆడిన రోజుల్లో వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురు. మ్యాచ్ కూడా తొంభై నిమిషాల కంటే తక్కువే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే మన దగ్గర బూట్లు తప్పనిసరయ్యాయి. 1990లో ఆఫ్‌సైడ్ నియమం మారింది, డిఫెండర్‌తో సమానంగా నిలబడ్డ ఫార్వర్డ్ తప్పు చేసినట్టు కాదన్నారు. 1992లో సొంత జట్టువాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. అక్కడితో గోల్‌కీపర్ పని మారింది, డిఫెండర్ పని మారింది, ఫార్వర్డ్ ఒత్తిడి పెట్టే తీరు మారింది. ముగ్గురు హాఫ్‌బ్యాక్‌ల వరసలో ఆడిన నూర్ మహమ్మద్‌ను ఇప్పటి ఏ గడిలో పెడతారు? ఆ స్థానమే ఇవాళ లేదు. ఆయన్ను డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అంటే సగం అబద్ధం, సెంటర్ బ్యాక్ అంటే సగం అబద్ధం. చివరికి జరిగేది ఏమిటంటే, తేలిగ్గా గడిలో కూర్చునేవాళ్లు ఉంటారు, కూర్చోనివాళ్లు రాలిపోతారు. కలల జట్టు ఎంచుకునేది గొప్పవాళ్లను కాదు, ఇవాళ్టి గడులకు సరిపోయేవాళ్లను.

దీనికి తోడు దృశ్యాల అన్యాయం ఒకటి. 1997 జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలకు పైగా జనం ముందు బైచుంగ్ మోహన్ బగాన్ మీద మూడు గోల్స్ కొట్టాడు. 2003లో జకార్తాలోనే ఈస్ట్ బెంగాల్ ఆసియాన్ క్లబ్ కప్ ఫైనల్లో బెక్ టెరో సాసనాను 3-1తో ఓడించింది. అవి టీవీలో వచ్చాయి. మళ్లీ చూడొచ్చు. 1950 నుంచి 1954 దాకా పోలీస్ జట్టు ఎలా ఆడిందో చూపించే సినిమా రీళ్లు మన చేతిలో లేవు. చూసిన మనిషికి ఓటు పడుతుంది, విన్న మనిషికి పడదు. ఇందులో బైచుంగ్ తప్పేమీ లేదు, ఆయన గొప్ప ఆటగాడే. కానీ కాలాలన్నిటినీ సమానంగా తూచుతున్నామన్న నమ్మకం తప్పు. అంకెలతో సరిచేద్దామంటే అవీ లేవు. ఆనాడు గోల్ ఎవరు కొట్టారో రాశారు, ఎవరు అందించారో రాయలేదు. ఎవరు పరుగెత్తి ప్రత్యర్థిని పక్కకు లాగి దారి ఇచ్చారో అసలే రాయలేదు.

నన్ను వ్యతిరేకించేవాళ్ల దగ్గర ఒక బలమైన ఉదాహరణ ఉంది, దాన్ని తప్పించుకోను. 1970 ప్రపంచ కప్ బ్రెజిల్. పెలే, టోస్టావ్, జెర్సన్, రివెలినో, జైర్‌జిన్హో. ఐదుగురూ తమ తమ క్లబ్బుల్లో దాడికి కేంద్రమైన ఆటగాళ్లు. అందరినీ ఒకే జట్టులో పెట్టారు, కప్పు గెలిచారు. మరి మహామహులను ఒక్కచోట చేరిస్తే పని జరగదంటారేమిటి అని అడుగుతారు. ఆ జట్టును కాస్త దగ్గరగా చూడండి. కోచ్ జగాలో టోస్టావ్‌ను ముందుకు పంపాడు. రివెలినోను ఎడమకు జరిపాడు. మిడ్‌ఫీల్డర్ పియాజాను వెనక్కి తెచ్చి సెంటర్ బ్యాక్‌గా ఆడించాడు. ప్రతి ఒక్కరూ తనదైన చోటును కొంత వదులుకున్నారు. నెలల పాటు శిబిరంలో కలిసి సాధన చేశారు. కాగితం మీద పేర్లు చేర్చగానే అది జట్టు కాలేదు. వదులుకోవడం నేర్చుకున్నాక జట్టయింది. కలల జట్టులో ఎవరూ ఏదీ వదులుకోరు. ఎవరికి వారే యమునా తీరే.

కలల జట్టును నిజంగా కట్టి చూసిన క్లబ్ కూడా ఉంది. రియల్ మాడ్రిడ్ 2000లో ఫిగోను, 2001లో జిదాన్‌ను, 2002లో రొనాల్డోను కొన్నది. 2003లో బెకామ్‌ను తెచ్చింది. అదే వేసవిలో మధ్యలో నిలబడి బంతిని లాక్కుని పక్కవాడికిచ్చే క్లాడ్ మకెలెలెను చెల్సీకి వదిలేసింది. పేరున్నవాళ్లు పెరిగారు, కప్పులు ఆగిపోయాయి. 2003లో గెలిచిన లా లిగా మళ్లీ 2007 దాకా దక్కలేదు. మకెలెలె ఆడిన చెల్సీ 2005, 2006లలో ఇంగ్లండ్ లీగ్ గెలిచింది. దీనికి పూర్తి విరుద్ధంగా 1967లో సెల్టిక్ ఉంది. గ్లాస్గో చుట్టుపక్కల ముప్పై మైళ్లలో పుట్టిన పదకొండు మందితో లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ను 2-1తో ఓడించి యూరోపియన్ కప్ గెలిచింది. యూరప్ ఆల్‌టైమ్ ఎలెవన్‌లలో ఆ పదకొండు మందిలో ఒక్కరూ కనపడరు. ఊళ్లోని మేలైన ఎద్దులన్నీ తెచ్చి కట్టినా జోడు కుదరకపోతే అరక సాగదని మన రైతుకు తెలుసు. పేర్ల జాబితా రాసేవాడికి ఆ మాట గుర్తు లేదు.

ఇంత గంభీరం ఎందుకు, సరదానే కదా అన్నవాళ్లకు చివరి సమాధానం. సరదాగా చేసే పని కూడా చూపును తయారుచేస్తుంది. పేర్లు రాసి ఒక్కొక్కరికీ మార్కులు వేసే కుర్రవాడు మైదానంలో కూడా అలాగే చూస్తాడు. బంతి ఉన్నవాడినే చూస్తాడు, బంతి లేకుండా పరుగెత్తేవాడిని చూడడు. అభిమాని అలా చూస్తే క్లబ్ కూడా అలాగే కొంటుంది. పేరున్న ఫార్వర్డ్‌కు డబ్బంతా పోసి, బికాశ్ పాంజీ లాంటివాణ్ణి వదిలేస్తుంది. పిల్లలకు నేర్పే కోచ్ కూడా తెలివైన కుర్రవాడి డ్రిబ్లింగ్‌కు చప్పట్లు కొట్టి, పక్కవాడికి ముందే దారి చేసిన కుర్రవాణ్ణి గమనించడు. ఏడు దశాబ్దాల కిందట రహీం ఏ జబ్బుకు మందు వేశారో అదే జబ్బును మనం సరదా పేరుతో పెంచుకుంటున్నాం. హైదరాబాద్ 1956లోనూ 1957లోనూ వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచిన నగరం. తర్వాత 1965లో ఆంధ్రప్రదేశ్ మరోసారి గెలిచింది. అక్కడి నుంచి ఇప్పటిదాకా తెలుగు నేలకు ఆ ట్రోఫీ రాలేదు. ఆ పతనానికి డబ్బు, ఉద్యోగాలు, మైదానాలు, క్రికెట్ లాంటి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో చూపు పోవడం కూడా ఒకటని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఏది ఉండేదో తెలియని చోట దాన్ని మళ్లీ తెచ్చుకోవాలన్న కోరిక పుట్టదు.

పోల్చవద్దని నేను అనడం లేదు. పోల్చడం అభిమానికి సహజం, అది లేకపోతే ఆట చప్పబడిపోతుంది. నిజంగా ఉన్న జట్లను నిజంగా ఉన్న జట్లతో పోల్చండి. 1949 నాటి ఈస్ట్ బెంగాల్‌నూ 1975 నాటి ఈస్ట్ బెంగాల్‌నూ పక్కపక్కన పెట్టండి. ఏ జట్టు ఎవరి మీద గెలిచింది, ఎలా ఆడింది, ఎవరు లేకపోతే కుప్పకూలేది అని అడగండి. 1957లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించిన పోలీస్ జట్టు ఏం చేసి ఓడించిందో వెతకండి. ఆనాటి ఇంగ్లిష్, ఉర్దూ పత్రికల మ్యాచ్ నివేదికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఫతే మైదాన్‌లో ఆ ఆటలు చూసినవాళ్లు ఎనభై దాటి ఇంకా కొందరైనా ఉన్నారు. వాళ్లను ఎవరు గొప్ప అని అడగకండి. ఎవరు ఎవరికి బంతి ఇచ్చేవారని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో వంద ఆల్‌టైమ్ ఎలెవన్‌లలో లేని చరిత్ర ఉంటుంది.

ఒక ఆటగాణ్ణి గౌరవించాలంటే అతని పేరుతో పాటు అతనితో పాస్ పంచుకున్నవాడి పేరు కూడా చెప్పాలి. మజీద్ అన్నప్పుడు జంషిద్ అనాలి. కృశాను అన్నప్పుడు బికాశ్ అనాలి. అహ్మద్ ఖాన్ అన్నప్పుడు అప్పారావు, సాలే, వెంకటేశ్, ధన్‌రాజ్ అనాలి. జకార్తా స్వర్ణం అన్నప్పుడు రహీం అనాలి. గెలిచింది వాళ్లందరూ. కప్పు మీద చెక్కింది కూడా జట్టు పేరునే. ఆ జట్టును విడగొట్టి మన ఇష్టానికి పేర్లు ఏరుకునే హక్కు అభిమానులమైన మనకు ఎవరూ ఇవ్వలేదు.